నడుముకు కట్టిన తువ్వాల

నాతో ఒకే గదిలో ఉన్న మనిషికి ఒకటి చెప్పి, అతని ముఖాన్ని గోడ మీద ఇంకొకటిగా వేశాను. అతని భుజం మీది తువ్వాల తీసి నడుముకు కట్టాను. సరిదిద్దే వీలు చేతికి వచ్చిన పొద్దున చెయ్యి ముడుచుకున్నాను. ఆ సాయంత్రం అబద్ధం చెప్పాను.

ఇక మిగిలిందంతా వివరణే. వివరణలు ఇచ్చుకునేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఇప్పుడు నేనే ఇచ్చుకుంటున్నాను, కానివ్వండి.

బొమ్మల పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వస్తుంటారు. కంప్యూటర్లో ‘వింటేజ్’ అని కొట్టి తెల్లదొరల కాలం నాటి ప్రకటనలు తీసి చూపిస్తారు. సబ్బులు, గొడుగులు, గడియారాలు, జ్వరపు పొడులు. “ఎంత బాగున్నాయో చూడండి తాతగారూ!” అంటారు. బాగానే ఉంటాయి, కాదనను. వాటిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో ఒకసారి చూడండర్రా అంటే మాత్రం ముసలాడికి చాదస్తం అన్నట్టు నవ్వుతారు. ఈ నాలుగు ముక్కలూ వాళ్ళ కోసమే.

నాది నాలుగో తరగతి చదువు. తర్వాత చదివిందంతా గోడల మీద, డబ్బాల మీద, పొట్లాల మీద. కాకినాడలో బోర్డులు రాసే మేస్త్రి దగ్గర చేరినప్పుడు, పక్కనే పాత కాగితాల కొట్టు ఉండేది. ముత్తాతల నాటి పత్రికలు అక్కడికి తూకానికి వచ్చేవి. వార్తలు నాకు అక్కర్లేదు, ప్రకటనల పేజీ చింపుకుని దాచుకునేవాణ్ణి. అక్షరం వంపు నేర్చుకుందామని మొదలుపెడితే లోకం తెలిసింది. రేవుపట్నంలో ఓడ దిగగానే, “సీమ నుండి క్రొత్త సరుకు వచ్చినది, చూచి కొనుడు, కొని మెచ్చుడు” అని వేసేవాళ్ళు. బదిలీ మీద వెళ్ళే దొరగారి కుర్చీలు, గుర్రపుబండి వేలమని వేసేవాళ్ళు. ఒకే మందుకు ఇంగ్లీషులో అయితే గుణమూ ధరా రాసేవాళ్ళు. అదే తెలుగులోకి వచ్చేసరికి “దొరలు వాడునది” అంటే సరిపోయేది. దొర వాడాడంటే మనం కొనేస్తామని ఆ వర్తకులకు తెలుసు. మనవాళ్ళు బొమ్మలో ఎక్కడున్నారా అని వెతికితే, ఒకడు గొడుగు పట్టుకుని ఉంటాడు, ఒకడు పళ్ళెం పట్టుకుని ఉంటాడు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చని గర్వం కూడా ఉండేది. నా కొంప ముంచింది ఆ గర్వమే.

రెండువేల రెండులో షార్జాలో బోర్డులు తయారుచేసే కంపెనీలో చేరాను. అప్పటికే యాభై దాటాయి. కుంచె పట్టుకుని ఎక్కిన విమానం దిగేసరికి కుంచెకు కాలం చెల్లిపోయింది. మిషన్ అక్షరాలు కోసిపెడితే అతికించడమే పని. నిచ్చెన పట్టుకోవడం, స్టిక్కరు కింద గాలిబుడగలు గుడ్డతో నొక్కడం. అక్కడి కుర్రాళ్ళు నన్ను ‘బుడ్డా పెయింటర్’, అంటే ముసలి పెయింటర్ అని పిలిచేవాళ్ళు. పెయింటు వాసన చూసి ఏళ్ళయిపోయినా ఆ పేరు మాత్రం పోలేదు.

గది షార్జాలోనే, బెడ్ స్పేస్, అంటే ఒక్క మంచం మేరకే అద్దె. నలుగురం. అందులో ఒకతను జగిత్యాల పక్క పల్లెటూరివాడు, నాకంటే పదేళ్ళకు పైగా చిన్న. స్టీల్ ఫిక్సర్. అంటే కట్టే బిల్డింగులో కాంక్రీటు పొయ్యకముందు ఇనుప కడ్డీలను తీగతో ముడివేసే పని. ఎండలో పొద్దంతా నడుము వంచే ఉండాలి. గదికి వచ్చాక మాత్రం నిటారుగా కూర్చునేవాడు, బావిగట్టు మీద కూర్చున్న రైతులాగా. స్నానం చేసి భుజం మీద తువ్వాల వేసుకుంటే పడుకునేదాకా తీసేవాడు కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు పైబెడ్డు పడింది. నా మోకాళ్ళ సంగతి చూసి, “అన్నా, నువ్వు కిందికి రా. నాకు పైకెక్కుడు అలవాటే, దినాం అదే పని గదా” అని తన బెడ్డు ఇచ్చేశాడు. ఆ ఒక్క మాటకు అతణ్ణి తమ్ముడూ అనడం మొదలుపెట్టాను.

రెండువేల అయిదులో దుబాయ్‌లో ఒక కొత్త మాల్‌లో పెద్ద హోటల్ పెడుతున్నారని, దానికి గోడ బొమ్మలు కావాలని మా కంపెనీకి పని వచ్చింది. హోటలంటే మామూలు హోటల్ కాదు. నూరేళ్ళ పైనాటి కోరమాండల్ తీరపు రేవుపట్నం వీధిని లోపల కట్టారు. దీపస్తంభాలు, దొంగ కిటికీలు, మోటారుతో ఊగే పంకా. వీధి గోడల మీద ఆనాటి ప్రకటనలు ఉండాలట, అదీ చేత్తో వేసినట్టే ఉండాలట. స్టిక్కరు పనికిరాదట. ఇంకేముంది, బుడ్డా పెయింటర్‌కి ఒక్కసారిగా కుర్చీ వేశారు.

ఆ పని చూసే ఆర్ట్ డైరెక్టరు హైదరాబాదు కుర్రాడు. పెద్ద చదువులు చదివినవాడు, మర్యాదస్తుడు. నన్ను ‘మాస్టర్‌గారూ’ అనేవాడు. అతని నోట ‘అథెంటిక్’ అన్న మాట మనకు ‘అమ్మా’ వచ్చినంత తేలిగ్గా వచ్చేది. నేను పాత ప్రకటనల వాక్యాలు అప్పగిస్తుంటే నోరు తెరుచుకుని వినేవాడు. నేను చెప్పింది వినేవాడు దొరికి ఎన్నేళ్ళయిందో! లేనివి కూడా నాలుగు కల్పించి చెప్పి ఉంటాను.

అన్నింట్లోకీ పెద్దది టీ ప్రకటన, లోపలికి రాగానే ఎదురుగా కనపడే గోడ నిండా. నిజానికి ఆ రోజుల్లో మన పట్నాల్లో టీ తాగేవాళ్ళెవరు? దొరలు తాగేవాళ్ళు. మన సావుకారు ఒకడు ఓడలో తెప్పించి వాళ్ళకు అమ్ముతున్నట్టు వేద్దామని నా ఊహ. కొట్టు, గల్లాపెట్టె, వెనక టీ పెట్టెలు, మధ్యలో తలపాగాతో సావుకారు. సావుకారుకు ముఖం కావాలి. మా తమ్ముడి ముఖం ఉండనే ఉంది.

శుక్రవారం గదిలో పెయింటు డబ్బా బోర్లించి కూర్చోబెట్టాను.

“నన్నేం జేస్తున్నవన్నా?”

“సావుకార్ని చేస్తున్నాను. తేయాకు సావుకారు. కాస్త గడ్డం ఎత్తు తమ్ముడూ.”

“గల్లపెట్టె సుత పెట్టు మరి. ఉత్తగనే సావుకారంటే ఎవ్వడు నమ్మడు.”

మిగతా ఇద్దరూ బెడ్ల మీద నుంచి మొదలుపెట్టారు. “ఇనుము గట్టెటోడు సేటైండురో! రేపటి సంది మనల్ని గుర్తువడుతడా?”

“ముందుగాల సలాం గొట్టున్రి, తర్వాత సూద్దాం” అన్నాడు తను, తల కదల్చకుండా.

ఆ వారమే ఫోన్లో వాళ్ళ నాన్నకు కూడా చెప్పాడు. నన్ను దుబాయ్‌ల గోడంత సావుకార్ని చేసి ఏస్తున్నరు నాయినా అని. ఆయన ఫోటో పంపమన్నాడట. ఆ మాల్‌లోనే వీళ్ళ ఊరివాడొకడు క్లీనర్ పని చేస్తున్నాడు. అతను కొద్ది వారాల్లో సెలవు మీద ఊరికి వెళ్ళబోతున్నాడు. అతని చేతికే ఫోటో ఇచ్చి పంపుదామని ఏర్పాటు.

స్కెచ్చు చూడ్డానికి హోటల్ తరఫు మేనేజరు వచ్చాడు. చాలాసేపు చూసి, ముఖం అద్భుతం అన్నాడు. కానీ ఈ మనిషి మరీ గర్వంగా ఉన్నాడు, దొరలెక్కడ, ఆ కాలం ఎక్కడ కనిపిస్తోంది అన్నాడు. మా డైరెక్టరు క్షణం ఆలోచించలేదు.

“మాస్టర్‌గారూ, దొరని కుర్చీలో కూర్చోబెడదాం. ఈయన టీ ట్రే పట్టుకుని కొంచెం వంగినట్టు పెడదాం. ఫేస్ మాత్రం మార్చొద్దు, ఫేస్ సూపర్.”

అప్పుడు నేను ఏమన్నానో రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఇది మా తమ్ముడి ముఖం, సావుకారని మాటిచ్చాను అని అనలేదు. పోనీ నోరు మూసుకుని ఊరుకున్నానా, అదీ లేదు. “సార్, అలా అయితే భుజం మీద తువ్వాల ఉండకూడదు. దొర ముందు తువ్వాల తీసి నడుముకు కట్టుకోవాలి, చెప్పులు బయట విడవాలి. ఆనాటి పద్ధతి” అన్నాను. ఎవరూ అడగలేదు. నాకు తెలుసు గనక చెప్పాను.

“చూశారా, ఇందుకే మాస్టర్ కావాలనేది!” అని డైరెక్టరు నా భుజం తట్టాడు. మేనేజరు కరచాలనం చేశాడు. ఇంటికొస్తుంటే బస్సులో నాలో నేను నవ్వుకున్నాను కూడా.

గోడ మీద బొమ్మ పూర్తయ్యేదాకా అతను గదిలో అడుగుతూనే ఉన్నాడు, “గల్లపెట్టె పెట్టినవా అన్నా?” అని. “చూస్తావుగా” అనేవాణ్ణి. నా దొంగతనమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

హోటల్ తెరిచాక వచ్చిన శుక్రవారం గదివాళ్ళం నలుగురం బయల్దేరాం. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మాల్‌లో ఊరి క్లీనరు డ్యూటీలోనే ఉన్నాడు, మాప్ పట్టుకుని మాతో పాటు వచ్చి నిలబడ్డాడు. హోటల్ ముందంతా అద్దం. అద్దంలోంచి గోడ సూటిగా కనబడుతుంది. దొర కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన మా తమ్ముడు, ఒట్టికాళ్ళతో, నడుముకు తువ్వాలతో, పళ్ళెం చాచి వంగి ఉన్నాడు. బొమ్మ బాగా కుదిరింది. అంత బాగా నేను ఇంకేదీ వెయ్యలేదు. ముందు టేబుల్ దగ్గర ఒక కుటుంబం వంతులవారీగా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతోంది. వాళ్ళలో ఒక పిల్ల, తెలుగు పిల్లే, పళ్ళెం కింద చెయ్యి పెట్టి కప్పు అందుకుంటున్నట్టు నటిస్తోంది. అందరూ నవ్వుతున్నారు.

మా గదివాడొకడు అలవాటుగా, “సేటు చాయ్ దెచ్చిండురో” అన్నాడు. అని, తనే ఆగిపోయాడు.

మా తమ్ముడు తన ముఖం చూసుకోలేదు. నడుము చూస్తున్నాడు.

“గదేందన్నా, నడుముకెందుకు గట్టినవ్?”

“అప్పట్లో అలాగే ఉండేది తమ్ముడూ. దొరల ముందు అలాగే...”

“నాకు జెప్తున్నవా?”

గట్టిగా అనలేదు. తర్వాత చెప్పినదీ గట్టిగా చెప్పలేదు, అద్దంలోకి చూస్తూనే చెప్పాడు. “మా ఊర్ల దొర ఉండే గడి ముంగట్నుంచి పోవాల్నంటే తువ్వాల నడుముకు గట్టాలె, చెప్పులు చేతుల వట్టాలె. మా తాత గట్టిండు. మా నాయిన ఒక్కరోజు భుజం మీదికెల్లి దియ్యకుంట నడిచిండు. దొర మనుషులు చెట్టుకు గట్టేసి కొట్టిన్రు. నేను చిన్నగుంటి, జూసిన. మల్ల తెల్లారి సుత భుజం మీదనే ఏసుకొని నడిచిండు. ఇప్పటికి గడి లేదు, దొర లేడు. తువ్వాల మాత్రం ఆయన దింపడు.”

పాత కాగితాల్లో చదివి పద్ధతి అని నేర్చుకున్నదాని కోసం తండ్రిని చెట్టుకు కట్టేసి కొట్టగా అతను చూశాడు.

“తుడువుమంట లేనన్నా. పెద్ద పని, నీ నౌకరి. పళ్ళెం ఉండనీ, వంగుడు ఉండనీ. తువ్వాల ఒక్కటి భుజం మీదికి జరుపు. ఈ మావూరోడు ఊరికి వోయేటాళ్లకు జరుపు. గప్పుడు ఫోటో దిగుత.”

అంతే అడిగాడు. నేను గోడ మీద వేసిన వైశాల్యంతో పోలిస్తే అది అరచేయంత తెలుపు.

మర్నాడే డైరెక్టరుకు చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను, ఈ ఒక్కటీ నా వైపు రాసుకోండి. అతను శ్రద్ధగా విన్నాడు. “అయ్యో, టచింగ్ స్టోరీ మాస్టర్‌గారూ. కానీ మెనూ మీద, పేపర్ కప్పుల మీద అంతా ప్రింటయిపోయింది. గోడ ఒకలా, కప్పు ఒకలా ఉంటే క్లయింట్ ఒప్పుకోడు. ఆయన్ని ఫ్రెండ్స్‌తో లంచ్‌కి పిలుద్దాం, కంపెనీ తరఫున” అన్నాడు. ఎక్కడ కూర్చోబెడతారయ్యా, ఆ గోడ కిందేనా అని నోటిదాకా వచ్చింది. నోటిదాకా వచ్చి ఆగిపోయిన కోపం నా దగ్గర గోనెసంచులకొద్దీ ఉంది. వీసా కంపెనీది, రెన్యువల్ దగ్గర పడింది. కుంచెవాళ్ళను ఒక్కొక్కరినే ఖలాస్ అని పంపేస్తున్నారు. నన్ను ఉంచమని ముదీర్‌కు, అంటే మా కంపెనీ మేనేజరుకు, చెప్పింది ఈ డైరెక్టరే.

తర్వాత కొన్నాళ్ళకు దేవుడనేవాడుంటే వాడే ఒక ఏర్పాటు చేశాడు. ఏసీ నీరు కారి దొర టోపీ దగ్గర రంగు పొంగింది. టచప్‌కి నన్నే పంపారు, హోటల్ తెరవకముందు, పొద్దున్నే. వెళ్తున్నానని ముందురాత్రే తమ్ముడికి చెప్పాను. షట్టరు తీసినవాడు తాళాలు నా పక్కన పెట్టి టిఫినుకు వెళ్ళిపోయాడు. లోపల నేనూ, నా రంగులూ, ఆ గోడా. అద్దం అవతల ఎక్కడో క్లీనరు నేల తుడుస్తున్నాడు.

టోపీ ఎంతసేపు? అయిపోయింది. తెలుపులో చిటికెడు పసుపు కలిపి తువ్వాల రంగు తీశాను, సరిగ్గా కుదిరింది. నడుము దగ్గర చొక్కా రంగుతో కప్పడం, భుజం మీద నాలుగు మడతలు వెయ్యడం. నా చేతికి అది నిద్రలో కూడా వస్తుంది. కుంచె ముంచాను. భుజం దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పుడు మేనేజరు కరచాలనం గుర్తొచ్చింది, డైరెక్టరు ముఖం గుర్తొచ్చింది, పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అదే అసలుది. బొమ్మ చెడిపోతుందనిపించింది. వంగిన మనిషికి భుజం మీద తువ్వాల ఉంటే ఎవరైనా తెలిసినవాడు చూసి, ‘ఈ పెయింటర్‌కి పద్ధతి తెలీదు’ అనుకుంటాడేమోనని! మనిషి ఒక పక్క, నా పరిజ్ఞానం ఒక పక్క. నేను పరిజ్ఞానం వైపు మొగ్గాను.

కుంచె కడుక్కున్నాను. కుదిరిన రంగు గుడ్డకు తుడిచేశాను.

సాయంత్రం గదిలో అతను కూర మాడకుండా కలుపుతూ అడిగాడు, “అయిందా అన్నా?”

“గార్డు పక్కనే నిలబడ్డాడు తమ్ముడూ. కదల్లేదు.”

“మంచిది తియ్. ఏం జేస్తవ్ మరి” అన్నాడు. నాకు ముందుగా అన్నం పెట్టాడు.

క్లీనరు అతనికి ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు. గార్డూ లేడు, ఎవడూ లేడు, ముసలాయన ఒక్కడే చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడని చెప్పి ఉంటాడు. ఆ శుక్రవారం నేను బజారుకెళ్ళి వచ్చేసరికి పైబెడ్డు ఖాళీగా ఉంది. జెబెల్ అలీ వైపు సైటు క్యాంపులో చోటు దొరికిందని మిగతావాళ్ళకు చెప్పి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళకు సమాధానం చెప్పడం నాకు బాగా వచ్చు.

క్లీనరు సెలవు నుంచి తిరిగొచ్చాక నేనే వెళ్ళి అడిగాను, ఊళ్ళో తమ్ముడి వాళ్ళ నాన్న ఏమన్నాడని. అతను నేల వైపు చూస్తూ చెప్పాడు.

“ఫోటో లేదని జెప్పిన సార్. ముసలాయన ఇనలే. దుబాయ్‌కెల్లి వచ్చినవ్, మావోని బొమ్మ ఏదంటడు. ఉత్తచేతులు ఎట్ల జూపాలె? గా బొమ్మున్న హోటల్ కాగితం కప్పు ఒకటి సామాన్ల పెట్టుకపోయిన, గదే ఇచ్చిన. నాకేం దెలుసు? కప్పు సుత ఇయ్యొద్దని మావోడు నాకు జెప్పలే గదా.”

“ఏమన్నాడయ్యా?”

“కప్పు ఇట్ల తిప్పి తిప్పి జూసిండు. మల్ల నా చేతులనే పెట్టిండు. ‘మావోడు గిట్ల నిలవడడు’ అన్నడు. గంతె.”

రెండువేల ఎనిమిది చివర్లో డబ్బు కరువొచ్చి దుబాయ్‌లో సగం పనులు నిలిచిపోయాయి. ఆ హోటల్ కూడా మూతపడింది. బోర్డు దించే పని మా కంపెనీకే వచ్చింది. నేను నిచ్చెన పట్టుకుని ఉండగానే లోపల పఠాన్లు సుత్తులతో ఆ గోడ కొట్టేశారు. దొర ముందు పోయాడు. తర్వాత పళ్ళెం, తర్వాత ఆ తువ్వాల. ముఖం ఒక పెచ్చు మీద అలాగే నిలిచి, ఇంకో దెబ్బకు పోయింది. సిగ్గులేని మనసు, తేలికపడింది. నా తప్పును ఎవరో కూలీ ఇచ్చి తుడిపించినట్టు అనిపించింది.

నాకూ టికెట్టు ఇచ్చేశారు. వెళ్ళేముందు క్లీనరును పట్టుకుని బతిమాలాను. జెబెల్ అలీ ఫోన్ నంబరు అతని దగ్గర ఉంది కానీ నాకు ఇవ్వనన్నాడు, కబురయితే చెబుతానన్నాడు. ఇలా చెప్పమన్నాను: “తమ్ముడూ, ఆ గోడ కూలగొట్టేశారు. నీ బొమ్మ ఇక లేదు. నాకు చేతకాలేదు, మనసులో పెట్టుకోకు.”

జవాబు రాదనుకున్నాను. సామాను కట్టుకుంటుండగా వచ్చింది, క్లీనరు ఫోన్ చేసి మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

“గోడ కూలిందని కూలగొట్టినోడు చెప్పాలె. నువ్వు జేసింది ఏదన్నుంటే చెప్పన్నా, వింట.”